పార్కు గేటుకు బీగం

మదనపల్లెలో చెరువు పక్క బడిలో మధ్యాహ్నం అన్నం వండుతాను. పోయిన వానలకు చెరువు పొంగి తరగతుల్లోకి నీళ్లొచ్చేశాయి. దగ్గర్లో మెరకంటే పార్కు ఒక్కటే. పిల్లలు పూలు తెంపుతారని పగలు దానికి బీగం వేస్తారు. టీచరమ్మా నేనూ పిల్లల్ని నడుములోతు నీళ్లలో గేటు దాకా నడిపించాం.

"తియ్యప్పా, బిడ్డలు మునిగిపోతాండారు!" అని అరిచాను.

"సారు చెప్పకుండా తీస్తే నా ఉద్యోగం పోతాది కదమ్మా," అన్నాడు వాచ్‌మన్.

రాయి తీసుకుని నేనే బీగం పగలగొట్టాను. పిల్లలందరూ గడ్డెక్కి బతికారు.

మర్నాడు ఆ పార్కులో వాకింగు చేసే పెద్దమనుషులు బడికొచ్చారు. పరామర్శకేమోనని తడి కుర్చీలు కొంగుతో తుడిచి వేశాను.

"లానంతా తొక్కి నాశనం చేసినారే! బీగం పగలగొట్టింది ఎవురు?" అన్నారు.

పిల్లలెట్లుండారని ఒక్కరూ అడగలేదు. రోజూ దారిలో వాళ్లకు నమస్తే పెట్టేదాన్ని. ఆరోజుతో మానేశాను.