రెండో బంతిలో కూర్చున్న అక్క

గల్ఫ్‌లో మేముండే రోలాలో మా పక్క ఫ్లాట్ అక్క పోయింది. ముప్పయ్యేళ్లు నర్సుగా పనిచేసిన ఆసుపత్రిలోనే, పోయిన మంగళవారం. కబురు వినగానే ఏడుపు రాలేదు నాకు, కోపమొచ్చింది. ఇక ఎవరెవరు లేచి పొగుడుతారో ముందే తెలుసు గనక.

నేను దేవుణ్ని నమ్మను. అయినా ఆదివారం సాయంత్రాలు వాళ్లింటి ప్రార్థనకి వెళ్లేవాణ్ని, భోజనం కోసమే అనుకోండి. ఆ ఇంట్లో ఒక పద్ధతి. లేబర్ క్యాంపు వాళ్లు వచ్చేదాకా రొట్టె విరవరు, గిన్నెల మీద మూత తియ్యరు. ఓసారి ఆకలికి ఆగలేక "మొదలెట్టేద్దాం అక్కా" అన్నాను. నా చేతికి కత్తీ ఉల్లిపాయలూ ఇచ్చింది.

"సమానత్వమని పేజీలకు పేజీలు రాస్తావు గదా తమ్ముడూ, అరగంట ఆగలేవా? కొయ్యి!"

సంఘం పెద్దలు మాత్రం "పిల్లలకి పొద్దున్నే స్కూలు సిస్టర్" అని సణిగేవారు. ఆమె జవాబు ఒకటే: "మొదట్లో విశ్వాసులకి గుళ్లెక్కడివయ్యా? ఇళ్లలోనేగా కూడుకుంది. ఉన్నోళ్లు ముందొచ్చి తినేస్తే, పని దిగి వచ్చినోళ్లకి ఖాళీ గిన్నెలు మిగిలాయి. దానికే గదా ఆనాడు అపొస్తలుడి చేత చీవాట్లు తిన్నారు. మనకీ కావాలా?"

తర్వాత సంఘం అద్దె హాలుకి మారింది. క్యాంపు వాళ్లకి రెండో బంతి అని పెద్దలు తీర్మానించారు. చెమట వాసనట! ఇదే పెద్దమనుషుల బెడ్‌పాన్లు ఎత్తిన మనిషి ముందు ఆ మాట అనడానికి సిగ్గుండాలి. అక్క వాదించలేదు. "అయితే నాకూ రెండో బంతే" అంది. చివరిదాకా అక్కడే తింది. పెద్దలు మాత్రం మారలేదు.

మొన్న అదే హాల్లో సంస్మరణ కూటం. మైకు పట్టుకున్న ప్రతివాడూ ఆమె ఆతిథ్యం గురించే. ఆమెన్ అనగానే బిర్యానీ మీద పడ్డారు. క్యాంపు బస్సు ట్రాఫిక్‌లో ఉంది, ఇరవై నిమిషాలు ఆగండని అరిచాను.

"ఎనిమిదికి హాలు ఖలాస్ బ్రదర్, ఏం చేస్తాం?" అన్నాడు పెద్దాయన, కోడికాలు వదలకుండానే.

ఆమె గురించి గంటసేపు మాట్లాడగలిగినవాళ్లు, ఆమె చేసిన ఒక్క పని ఇరవై నిమిషాలు చెయ్యలేకపోయారు.

బస్సు దిగి తొమ్మిదిమంది వచ్చేసరికి గిన్నె అడుగున బిర్యానీ ఆకులున్నాయి. కింద బేకరీలో వేడి ఖుబ్బూస్ రొట్టెలు కొనుక్కుని ఫుట్‌పాత్ మీద కూర్చున్నారు. నేనూ కూర్చున్నాను. ప్యాకెట్ లోపలంతా ఆవిరి పట్టింది. ఎవరూ విప్పరు.

"తినండయ్యా, చల్లారిపోతుంది" అన్నాను.

"ఆగన్నా" అన్నాడు ఒక తాపీమేస్త్రి, రోడ్డు వైపు చూస్తూ. "ఇంకో ఇద్దరు టాక్సీలో వస్తన్నారు."