కొట్టు లేని కుట్టుపనివాళ్ళు

అమ్మలూ, నా చిట్టితల్లీ, ఈ రోజు మండపేట టైలర్ల సంఘం మీటింగుకి నీ బదులు నేను వెళ్ళాను. పోయినవాళ్ళ పేరు కూడా ఏడాదిదాకా హాజరులో పిలవడం వాళ్ళ ఆనవాయితీ. నీ పేరు పిలవగానే నేను లేచాను. కిటికీలోంచి పక్క రైసుమిల్లు పొట్టు ఎండలో మెరుస్తూ తేలి వస్తుంటే నువ్వు పక్కనే కూర్చున్నట్టనిపించింది.

రెడీమేడ్ బట్టలొచ్చాక కొట్లకి పని తగ్గిపోయింది. అందుకని స్కూలు యూనిఫారాలు సంఘమే కుట్టిస్తుందట. గడువులోపు అన్ని కుట్టడానికి మనుషులు చాలరన్నారు. ఇళ్ళలో కుట్టే ఆడవాళ్ళనీ చేర్చుకోమని, నీకు కొట్టున్నా నువ్వు ఎప్పుడూ అడిగే మాటే నేనూ అడిగాను.

"కొట్టు లేనివాళ్ళకి సభ్యత్వం ఎలా ఇస్తామండి పిన్నిగారూ?" అన్నారు ప్రెసిడెంటు గారు.

"మీ కొట్లో జాకెట్లకి హుక్కులు కుట్టేది ఇంట్లో మీ ఆవిడే కదండీ. ఆవిడకి ఏ కొట్టుందండీ?"

ఆ మాట నాదో నీదో నాకే తెలియలేదు. అందరూ నవ్వారు, ఆయనా నవ్వేశారు. ఇళ్ళలో కుట్టేవాళ్ళనీ చేర్చుకుంటామని తీర్మానం రాశారు. నేనూ ఇంట్లో కుట్టేదాన్నే కదా, పుస్తకంలో నీ పేరు తీసేసి నాది రాయబోతే ఒప్పుకోలేదు, నీ పేరు కిందే రాయించాను.

ఇది చదివినవాళ్ళు మీ ఊళ్ళో కుట్టుపనివాళ్ళ సంగతేంటో చెప్పండి. పనిలో పడి అన్నం మానకండి, వేళకి కడుపునిండా తినండి.