తీగల మాస్టారు

ప్రయోగశాల తలుపు దగ్గరే మాస్టారు గడియారం, తాళాలగుత్తి, బెల్టు తీసి డబ్బాలో పడేస్తారు, లోపలి అయస్కాంతం లాక్కుంటుందని. ఆపైన రోజంతా ఎడమచేత్తో ప్యాంటు పట్టుకునే భౌతికశాస్త్రం. కరెంటు ఏ అడ్డూ లేకుండా పారే పదార్థం కోసం అక్కడందరి వెతుకులాట. "నిరోధం సున్నా!" అని ఎవరు గంతులేసినా ఆయన వచ్చి మీటరు తీగను వేలితో కదుపుతారు. సున్నా కాస్తా ఎగిరిపోతుంది. "తీగ వదులైంది నాయనా," అంటారు, తప్పిపోయిన సంబంధానికి ఓదార్చినట్టు. ఇన్నేళ్లలో ఆయన కనిపెట్టినవన్నీ పక్కవాళ్ల వదులు తీగలే.

నిన్న మధ్యాహ్నం ఆయన సొంతంగా చేసిన పదార్థం ముక్క మీదే మీటరు సున్నా చూపింది. అందరూ మూగారు.

"తీగ కదపండి మాస్టారూ," అంది శిష్యురాలు.

ఆయన వేలు తీగదాకా వెళ్లి, ఆగి, వెనక్కొచ్చి ప్యాంటు పట్టుకుంది.

"ముందు భోంచేసొస్తాను. దాన్నెవరూ ముట్టుకోకండి."

రోజూ నిలబడే నాలుగు ముద్దలు మింగి పరిగెత్తే మనిషి, ఇంట్లో బాసింపట్టు వేసుక్కూర్చున్నారు.

"ఏంటివాళ ఇంత తీరిగ్గా?" అంది భార్య.

"ఏం లేదు. ఇంకాస్త వడ్డించు," అన్నారు. కంచం ఖాళీ అయ్యాక కూడా, తిన్న చెయ్యి ఎండిపోతున్నా, లేవలేదు.