పక్కింటి నీళ్ళు

ఎర్రగుంట్ల బస్సులో కూర్చుని, నేనొక్కడినే ఉండటానికి కొనబోయే ఇంటి దస్తావేజులను మరోసారి పరిశీలిస్తున్నాను. ఆ రోజే అడ్వాన్సు ఇవ్వాలి. పక్కసీటులోని పెద్దావిడ వాటిని చూసి అడిగింది: "ఇల్లు కొనేముందు పక్కింట్లో నీళ్ళడిగి తాగినావా నాయనా?"

"పత్రాలన్నీ సక్రమంగా ఉన్నప్పుడు దాని అవసరమేమిటి?" అని వాదించాను.

"కాయితాలు తలుపు తీస్తాయా? నీళ్ళు ఉప్పగుండాయో, పలికే మనుషులుండారో తాగితే తెలుస్తాది. నేను అడక్కుండానే కొంటి. మా వరసంతా తాళాలేసిన ఇండ్లే. ఈ వారంలో నేను మాట్లాడింది నీతోనే."

 ఆమె కమలాపురంలో దిగిపోయింది.

ఆ మధ్యాహ్నం నేను ఇల్లు కొనబోయే వీధిలో నాలుగు తలుపులు తట్టాను, ఎవరూ పలకలేదు. అయిదవ తలుపును ఒక వృద్ధుడు తీశాడు. నీళ్ళు ఉప్పగానే ఉన్నాయి. గ్లాసు తిరిగి ఇవ్వబోతే, కాసేపు కూర్చోమన్నాడు.

అడ్వాన్సు ఇచ్చాను.