వణికే చేతికి రాట్నం

ముక్తేశ్వరంలో దీనమ్మ కొబ్బరిపీచు తాళ్ళు పేనేది. ఆ పనికి ఇద్దరు కావాలి. ఒకరు రాట్నం తిప్పాలి, ఇంకొకరు నడుముకి పీచు మూట కట్టుకుని వెనక్కి నడుస్తూ పోగు వదలాలి. వెనక్కి నడిచేవాడు ఆమె తమ్ముడు ఫిలిప్. డిగ్రీ చదువుతుండగా, పక్కన ఎవరూ లేకపోయినా ఎవరో తనని తిడుతున్నట్టు వినబడడం మొదలైంది వాడికి. కాకినాడ డాక్టరు గారు స్కిజోఫ్రీనియా అని చెప్పి మాత్రలిచ్చేరు. ఊరు మాత్రం గాలి సోకిందని ఒకసారి, చదువెక్కువైందని ఒకసారి తేల్చింది. ఆ గుమ్మంలోకి సలహా తెచ్చినవాళ్ళే గాని, ఒక్క పూట రాట్నం పట్టినవాళ్ళు లేరు.

"అక్కా, మళ్ళీ తిడుతున్నారే."

"నాకు వినబడ్డం లేదురా. నీకు వినబడుతోందంటే భయంగానే ఉంటుంది. రా, నా పక్కన కూచో."

అబద్ధమని వాదించేది కాదు, నిజమేనని తలూపేదీ కాదు.

మాత్రలతో గొంతులు తగ్గేయి, చేతులు వణకడం మొదలెట్టేయి. పోగు ఒకచోట సన్నంగా, ఒకచోట లావుగా వస్తుంటే దీనమ్మ మూట తను కట్టుకుని రాట్నం వాడికిచ్చింది. రాట్నానికి ఆ వణుకు అడ్డం కాలేదు.

సూరిబాబు మావయ్యకి అడ్డమైంది. సంబంధాలు కుదర్చడంలో తనంతవాడు లేడని ఆయనే చెప్పుకునేవాడు. పెళ్ళిచూపుల్లో ఫిలిప్ చేతిలో టీ గ్లాసు వణికితే ఆయన పరువు పోదూ! దీనమ్మ సంతకెళ్ళినప్పుడు ఫిలిప్‌ని పట్టుకుని, "చూపులయ్యేదాకా మాత్రలు మానెయ్యరా. పెళ్ళయితే అదే సర్దుకుంటుంది" అన్నాడు.

ఫిలిప్ అక్కకి చెప్పకుండా మానేసేడు. చూపులనాటికి చేతులు కుదిరేయి. గ్లాసు తొణకలేదు. మావయ్య మీసం దువ్వుకున్నాడు.

ఆ తర్వాత కొద్దిరోజులకే ఎవరో విషం కలిపేరని ఫిలిప్ అన్నం మానేసేడు. నిద్ర లేకుండా కాలవగట్ల వెంట తిరిగేడు. సంగతి తెలిసి పెళ్ళివారు మానుకున్నారు. వాణ్ణి వెతకడానికి రమ్మంటే మావయ్యకి మోకాళ్ళ నొప్పులొచ్చేయి.

దీనమ్మే వెతికి, బతిమాలి, కాకినాడ తీసుకెళ్ళింది. "వణుకుంటే నాకు చెప్పాలమ్మా, మీ అంతట మీరు మానకూడదు" అని డాక్టరు గారు మోతాదు మార్చేరు. వాడు తేరుకునేసరికి వానాకాలం గడిచిపోయింది.

ఫిలిప్ రాట్నం దగ్గర కూచున్నాక మావయ్య మోకాళ్ళు కూడా బాగయ్యేయి. ఇంకో సంబంధం పట్టుకొచ్చేడు. ఫిలిప్ టీ తెచ్చిస్తుంటే గ్లాసు తొణికి కాస్త టీ ఆయన ఇస్త్రీ పంచె మీద పడింది.

"చూసేవుటమ్మా దీనమ్మా! ఈ వణుకే వద్దన్నాను."

దీనమ్మ నోరు తెరిచేలోగా ఫిలిప్పే అన్నాడు. "ఆయ్. చెయ్యి వణుకుతుందని పిల్ల తరపువాళ్ళకి ముందే చెప్పండి మావయ్యగారూ. ఎందుకో కూడా చెప్పండి."

"అలా చెబితే పిల్లనెవడిస్తాడ్రా?"

"ఇవ్వకపోతే పోనివ్వండి. మాత్ర మాత్రం మాననండి."

వెళ్ళి రాట్నం తిప్పడం మొదలెట్టేడు. దీనమ్మ పోగు వదులుతూ వెనక్కి నడిచింది. తడిసిన పంచెతో దారికడ్డంగా నిలబడ్డ మావయ్యే పక్కకి తప్పుకున్నాడు.