కొత్త మోకుతో మొదటి చెట్టు

పరీక్షలు నెల రోజులున్నాయనగా పుస్తకాల మీద మనసు విరిగింది. ఎటైనా పోవాలి, ఎక్కడికన్నది తర్వాతి సంగతి. ఆ శనివారమే మా హాస్టల్ గదిలో ఉండే సరోజనకు ఊరి నుంచి కబురు వచ్చింది. వాళ్ల నాయిన మల్లయ్య అరవై దాటినా తాటిచెట్లెక్కి కల్లు గీస్తాడు. చెట్టునూ నడుమునూ కలిపి చుట్టుకునే తోలు తాడును మోకు అంటారు. పోయిన వారం పక్కింటి గౌడు మోకు తెగి, చెట్టు మీంచి పడి మంచం పట్టాడు. దాంతో సరోజన తల్లి లచ్చవ్వ ఇంట్లోని తోలు మోకును ఎత్తి దాచేసి, వరంగల్ నుంచి నైలాన్‌ది తెప్పించింది. మల్లయ్య దాన్ని ముట్టనన్నాడు. రెండు రోజులుగా చెట్టెక్కలేదు. కల్లు కారే గెలను రోజూ చెక్కకపోతే ఎండిపోతుంది, ఆ ఏటికి ఆ చెట్టు చేయిజారినట్టే. ఇంకొక్క రోజు ఆగితే అన్నీ ఎండుతాయి. సరోజన బయలుదేరుతుంటే నేనూ వస్తానన్నాను.

ఆదివారం కాజీపేటలో అయిదుంపావు పాసింజరు ఎక్కాం. టికెట్ మూడు రూపాయల లోపే. ఆరున్నరకు జనగామలో దిగితే మంచు ఎంత దట్టంగా ఉందంటే, చాయ్ బండి కంటబడక ముందే దాని పొయ్యి వాసన వచ్చింది. ఏడింటికి పాలకుర్తి బస్సు. చదువుకునే పిల్లలు పొద్దున్నే కల్లుకు పోతున్నరా అని కండక్టర్ ఆటపట్టించాడు. కల్లుకు కాదన్నా, మా నాయిన దగ్గరికని సరోజన అంటే, రెండూ ఒకటే గద అంటూ టికెట్లు చింపాడు. ముప్పావుగంట తర్వాత రోడ్డు మీద దిగి మైలు దూరం నడిచాం. మంచు నేలబారుగా పరుచుకుని ఉంది. చెట్ల మొదళ్లు లేవు, తలలు మాత్రం తెల్లని నీళ్లలో తేలుతున్నట్టున్నాయి. మేం నడుస్తున్నామో, తాటివనమే మా వైపు వస్తోందో తెలియలేదు.

మల్లయ్య ఒక చెట్టు కింద గొంతుకూర్చుని కొత్త మోకును బకెట్లో తడుపుతున్నాడు. లచ్చవ్వ పక్కనే నిలబడి ఉంది. ఎట్టకేలకు ఒప్పుకున్నట్టున్నాడు. తోలు మోకును ఎక్కేముందు తడుపుతారు. తడిస్తే పిడికెడు సాగుతుంది గనక ముడి ఒక పిడికెడు బిగువుగా వేస్తారు. నైలాన్ నీళ్లు తాగదని సరోజన నవ్వింది. ఆయన వినిపించుకోలేదు. చెయ్యి దాని అలవాటున అది కొలిచింది, ముడి వేసింది. పాదాలు రెంటినీ కలిపే తాడు బంధం తొడుక్కుని, కత్తి నడుముకు తగిలించి, మంచులోంచి పైకి వెళ్లిపోయాడు.

ఆ చెట్టు నడుమ కడుపులా ఉబ్బి ఉంటుంది. అక్కడికి చేరాక మోకు ముందుకు జరగలేదు. తోలైతే ఈపాటికి సాగి ఆ ఉబ్బును దాటేది. ఇది చెట్టుకు కరుచుకుని నిలిచిపోయింది. ఆయన రొమ్ము మానుకు ఒత్తుకుపోయింది, వెనక్కి వాలే సందు లేదు. బాపూ అని పిలవబోయాను. లచ్చవ్వ నా మణికట్టు గట్టిగా పట్టుకుంది. ఆయన ఊపిరి కుదురుకునేదాకా ఆగింది. ఆ తర్వాతే, బువ్వకు పిలిచినంత నెమ్మదిగా అంది.

"ఇగో, గది తోలు కాదు. పిడికెడు తక్కువ కట్టినవ్. దిగి ఇడువు."

కాసేపటికి కాళ్లు ఒకటొకటిగా కిందికి జరిగాయి. నేల మీద నిలబడి ముడి విప్పాడు. పిడికిలి పెట్టి కొలుచుకుని, అంత వదిలి మళ్లీ కట్టాడు. ఇంటికి పోదామని ఎవరూ అనలేదు.

"నలభై ఏండ్ల సంది గీ చెయ్యికి ఒక్కటే లెక్క ఎరుక," అన్నాడు, ఆమె వైపు చూడకుండా.

"ఇగ ఇంకోటి నేర్సుకుంటది," అంది ఆమె.

రెండోసారి ఉబ్బు దగ్గర ఒక్క క్షణం ఆగాడు. మోకును ఇటొక గుంజు, అటొక గుంజు గుంజి దాటేశాడు. అప్పటికి మంచు విడిపోతోంది. మట్టల నడుమ వెనక్కి వాలి, ఆకాశం మీద పండుకున్నవాడిలా ఆయన గెల చెక్కుతుంటే ఆ చప్పుడు ఆలస్యంగా కిందికి దిగింది. దిగివచ్చాక కల్లు కుండ లొట్టిలోంచి నాలుగు చుక్కలు గీసేవాళ్ల దేవుడు కాటమయ్యకని నేల మీద వదిలి, తాటాకు దోనెలో నాకు పోశాడు. గెల ఇంకా పచ్చిగానే ఉందట. పద్నాలుగు చెట్లు మిగిలి ఉన్నాయని మోకు భుజాన వేసుకుని వెళ్లాడు. లచ్చవ్వ బకెట్టు బోర్లించింది.

మళ్లీ బస్సు పన్నెండింటికి. కిటికీ పక్కన కూర్చున్నా కళ్లు నేల మీద నిలవలేదు, ప్రతి తాటిచెట్టు నడుమా ఆ ఉబ్బునే వెతికాయి. కొత్త తాడు బలమైనదే, సందేహం లేదు. కానీ ఆ పొద్దున ఆయన్ని కిందికి తెచ్చింది తాడు ఒక్కటే అనుకోను. మీరూ వెళ్లేట్టయితే ఎనిమిదింటికల్లా వనంలో ఉండండి, ఏదైనా తిన్నాకే కల్లు తాగండి. చెట్టు మీద ఉన్న మనిషిని మాత్రం పిలవకండి. పిలవాల్సిన మనిషి కిందనే ఉంటుంది, ఎప్పుడు పిలవాలో ఆమెకు తెలుసు.