మూరకి ముద్ర

ఆ రోజుల్లో ప్రభుత్వం అంటే నేనే అనుకునేదాన్ని. ఇప్పుడు రాస్తుంటే నవ్వొస్తోంది గానీ, ఇరవై నాలుగేళ్ల పిల్లని తీసుకొచ్చి తెనాలిలో తూనికలు కొలతల శాఖ ఇన్స్పెక్టరు కుర్చీలో కూర్చోబెట్టి, బల్ల మీద ఇత్తడి తూకం రాళ్ల పెట్టె, బీరువాలో ఉక్కు మీటరు బద్ద, చేతిలో చట్టం పుస్తకం పెడితే ఇంకేమనుకుంటుంది? మాది బాపట్ల దగ్గర పల్లెటూరు, వ్యవసాయం. ఉద్యోగం వచ్చిందని చెబితే మా నాన్న "అంటే కాటాలకి ముద్రలేసే ఉద్యోగమా?" అన్నాడు. "కాదు నాన్నా, వ్యాపారుల మీద ప్రభుత్వానికుండే అధికారాన్ని అమలు చేసే ఉద్యోగం" అన్నాను, పరీక్షకి బట్టీ పట్టిన వాక్యం ఇంకా మరిచిపోలేదు గనక. "అదే, ముద్రలేగా" అన్నాడాయన. ఆ మాట నాకు బాగా గుచ్చుకుంది. ముద్రలే కాదు, కేసు రాసి చూపిస్తానని ఆ పూటే పట్టుపట్టాను.

పట్టుపడితే సరిపోదు కదా, కేసు దొరకాలి. నేను ఏ వీధిలో అడుగుపెట్టినా నాకంటే ముందు నా కబురు అక్కడికి చేరిపోయేది. కిరాణా కొట్లో కాటా తళతళా మెరుస్తూ ఉండేది, ముద్ర కనిపించేలా నా వైపే తిప్పి ఉండేది. "రండి మేడమ్, మజ్జిగ తాగండి" అనేవాళ్లు. (తాగేదాన్ని కాదు. చట్టం పుస్తకంలో మజ్జిగ ప్రస్తావన లేకపోయినా నా పట్టుదలలో ఉంది.) బజారంతా నాకు 'స్కేలు మేడమ్' అని పేరు పెట్టిందని మా అటెండరు బాబాయ్ చెప్పాడు. ఆయన రిటైర్మెంటుకి దగ్గరపడ్డ మనిషి, ఆఫీసులో ఏ కాగితం ఎక్కడుందో ఆయనకొక్కడికే తెలుసు. మా పై అధికారి పెద్దసారు మంచాయనే గానీ, ఏది అడిగినా "చూద్దాం" అనేవాడు. ఐదు నెలలు గడిచాయి. కేసుల రిజిస్టరులో నా పేజీ ఇస్త్రీ చేసిన చొక్కాలా తెల్లగా ఉంది.

అలాంటి సమయంలో రేపల్లె నుంచి ఓ ఉత్తరం వచ్చింది. రిటైరైన డ్రిల్లు మాస్టారు ఒకాయన, ముత్యాల్లాంటి అక్షరాలతో రాశాడు: "అయ్యా, రేపల్లె బస్టాండులో పూలమ్మే వృద్ధురాలి మూర పొట్టిది. నా భార్యకు రోజూ పూలు కొనుచున్నాను. ఇంటికి వెళ్లి కొలవగా ప్రతిసారీ రెండు వేళ్లు తక్కువ వచ్చుచున్నది. ప్రభుత్వము వెంటనే చర్య తీసుకొనవలెను." ఆ ఉత్తరాన్ని నేను మూడుసార్లు చదివాను. మూర! మన చట్టంలో మూర అనే కొలతే లేదు. తక్కువిచ్చినా తప్పే, సరిగ్గా ఇచ్చినా తప్పే, అసలు మూర అనడమే తప్పు! ఇన్నాళ్లూ ప్రతి పూలబుట్ట దగ్గరా కేసు ఉండగా నేను కిరాణా కొట్ల చుట్టూ తిరిగానే అని తల కొట్టుకున్నాను. బాబాయ్ మాత్రం ఉత్తరం చూసి, "పూలజోలికి వద్దమ్మా. మా ఇంట్లో తెలిస్తే నాకు అన్నం పెట్టరు" అన్నాడు. నేను వింటేగా! బీరువాలోంచి మీటరు బద్ద తీసి, పాత చీర ముక్కలో చుట్టి, రేపల్లె ప్యాసింజరు ఎక్కాను. ప్రభుత్వమంత ప్రభుత్వం ఆ రోజు కిటికీ పక్క సీటు కోసం ఓ బఠానీల బస్తాతో పోటీపడింది, ఓడిపోయి నిలబడే వెళ్లింది.

పూల మామ్మ బస్టాండు లోపల, మంచినీళ్ల పంపు పక్కన కూర్చుని ఉంది. చిన్న మనిషి. బుట్ట నిండా కనకాంబరాలూ మల్లెలూ, మధ్యమధ్య మరువం. దండ కొసని మోచేతి దగ్గర పట్టి, నడివేలి దాకా సాగదీసి, టక్కున తెంపుతోంది. నేను బద్ద విప్పి ముందు పెట్టాను.

"కరెంటోళ్లా తల్లీ?" అంది.

"కాదు మామ్మా. కొలతల ఆఫీసు. ఈ పూలు దేంతో కొలుస్తున్నారు?"

"చేత్తో కొలవక కాలితో కొలుస్తామా?"

"చట్టంలో మూర లేదండి. మీటరూ, సెంటీమీటరూ ఉన్నాయి."

"లేదా? ఎవరు తీసేశారు?"

"ఢిల్లీలో."

"ఏం, ఢిల్లీ వాళ్లు పూలు పెట్టుకోరా?"

చుట్టూ ఉన్న నలుగురూ నవ్వారు. నాకు చెవులు వేడెక్కాయి. నవ్వితే నేను ఇంకా బిగుసుకుపోయే రకం (ఇప్పటికీ అంతే, మా ఇంట్లో వాళ్లనడగండి). వెంటనే నోటీసు తీసి రాశాను: వారం లోపు ముద్ర ఉన్న కొలతతో తెనాలి ఆఫీసులో హాజరు కావాలి, లేకపోతే కేసు. చదివి వినిపించాను. కేసు అన్న మాట దగ్గర మామ్మ చేతిలో దండ ఆగిపోయింది. "కేసు పడితే నన్నిక్కడ కూర్చోనివ్వరు తల్లీ. పోయినేడు సోడాలాయన్ని అట్టాగే బయటికి పంపేశారు. ఎండలో రోడ్డు మీద కూర్చుంటే గంటలో పూలు వాడిపోవా?" అంది. నేను చట్టం చట్టమేనన్నాను. ఆవిడ దండని బుట్టలో పెట్టేసి, "సరే. ముద్రుంటే చాలా?" అంది. "చాలు" అన్నాను. "వస్తా" అంది. అంత తేలిగ్గా ఒప్పుకునేసరికి నా అధికారం మీద నాకే ముచ్చటేసింది.

మా ఆఫీసులో ముద్రలేసే రోజంటే తిరనాళ్లే. కాటాలు, లీటరు డబ్బాలు, తూకం రాళ్లు పట్టుకుని వ్యాపారులు వరండా దాటి వీధి దాకా వరసలో నిలబడతారు. ఆ వారం ఒక్కొక్కటే పరీక్షించుకుంటూ, రెండు కాటాలు తప్పు చూపిస్తుంటే తిప్పి పంపించేసి, "తరవాత" అని తలెత్తాను. ఎదురుగా మామ్మ. ఇస్త్రీ చీర కట్టుకుని, తలలో పూలు పెట్టుకుని వచ్చింది. చేతిలో బద్ద లేదు, టేపూ లేదు. కుడిచేతి గాజులు పైకి తోసి, మోచెయ్యి బల్ల మీద ఆనించి, వేళ్లు బారుగా చాపింది.

"వెయ్యి తల్లీ" అంది.

"ఏంటి మామ్మా వేసేది?"

"ముద్ర. నా కొలత ఇదే కదా. కాస్త కనపడేట్టు వెయ్యి, మళ్లీ ఎవరూ అడక్కుండా."

వరండా అంతా గొల్లుమంది. ఆవిడ నవ్వలేదు. నడుం దగ్గర దోపుకున్న దరఖాస్తు తీసిచ్చింది. బస్సులో పక్కన కూర్చున్న కాలేజీ అమ్మాయి నింపిపెట్టిందట. కొలత సాధనం: మోచెయ్యి. తయారుచేసినవారు: మా అమ్మ. తయారైన చోటు: నిజాంపట్నం. ఇంతకుముందు మరమ్మతు జరిగినదా: ఒకసారి, మణికట్టు విరిగి కట్టు కట్టించుకున్నాము. నేను ఆ కాగితం పట్టుకుని పెద్దసారు గదిలోకి పరిగెత్తాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని చదివి, "చేతికి ముద్ర వెయ్యొచ్చని చట్టంలో లేదు. వెయ్యకూడదనీ లేదు. చూద్దాం. నువ్వే తేల్చు" అని టీకి లేచి వెళ్లిపోయాడు. చట్టంలో లేని కొలత కనిపిస్తే జప్తు చెయ్యాలి కదా అని గుర్తొచ్చి బాబాయ్ వంక చూస్తే, "చెయ్యొక్కటీ ఎట్టా జప్తు చేస్తామమ్మా? మామ్మని మొత్తం బీరువాలో పెట్టాలి" అన్నాడు.

ఆ ముద్రల రోజుకే రమ్మని ఫిర్యాదుదారుకీ ముందే కబురు పెట్టాను. డ్రిల్లు మాస్టారు లోపలికి రావడానికి గుమ్మం దగ్గర తల వంచాల్సి వచ్చింది. అంత పొడుగు. "ఇంటికెళ్లి దేంతో కొలిచారు మాస్టారూ?" అని అడిగాను. "దేంతో ఏంటమ్మా, మూరతోనే" అన్నాడు. "ఎవరి మూర?" "నాదే!" ఆయన చెయ్యి బద్ద మీద పెట్టి చూస్తే ఏభై నాలుగు సెంటీమీటర్లు. మామ్మది నలభై మూడు. బాబాయ్ ఉత్సాహం ఆపుకోలేక తనదీ పెట్టాడు, నలభై ఏడు. వరసలో ఉన్న వ్యాపారులు కాటాలు కింద పెట్టి మరీ చేతులు చాపడం మొదలుపెట్టారు. నాకు ఒళ్లు మండిపోయింది. "చూశారా? ఎవరి మూర వాళ్లదే. ఇందుకే ప్రభుత్వం అందరికీ ఒకటే కొలత పెట్టింది!" అని అరిచాను. ఆ మాట నిజం. ఇప్పటికీ నిజమే, ఆ మాట వెనక్కి తీసుకోను.

మామ్మకి ఓ దారపు ఉండ ఇచ్చి, పదిసార్లు మూర కొలిచి తెంపమన్నాను. ఆవిడ చూడకుండానే, మాట్లాడుతూనే పదీ తెంపింది. పదీ నలభై మూడే. గింజంత తేడా లేదు. పొద్దున నేను తిప్పి పంపిన రెండు కాటాలు గుర్తొచ్చి కాస్త తగ్గాను. అప్పుడు డ్రిల్లు మాస్టారు గొంతు సవరించుకుని, "అంటే ఆవిడ చెయ్యి కురచన్నమాట" అన్నాడు. మామ్మ మొహం ఎర్రబడింది.

"కురచైతే కురచే. దొంగది కాదుగా? నలభై ఏళ్ల నించి పూలమ్ముతున్నా, ఒక్కరు నన్ను మోసమన్లా. ఆ మాట కాయితం మీద రాయి తల్లీ. నువ్వు బద్ద పెట్టమంటే పెడతా. ముందు అది రాయి."

మా ఇంట్లో మామ్మే నన్నడిగినట్టు అనిపించింది. పట్టుదల నాకొక్కదానికే ఉందనుకున్నాను గానీ, నా ఎదురుగా కూర్చున్నావిడ పట్టుదల ముందు నాదెంత? కాగితం తీసి రాశాను: "మూర చట్టబద్ధమైన కొలత కాదు. ఇకమీదట ముద్ర ఉన్న అర మీటరు బద్దతో అమ్మవలెను. ఇప్పటివరకు కొలతలో మోసము ఏమియు కనిపించలేదు. కేసు లేదు." సంతకం చేసి, ఆఫీసు సీలు వేశాను. బాబాయ్ చక్కటి కర్రబద్ద ఒకటి తెప్పించి, అర మీటరుకి కోయించి ఇస్తే, దానికి రెండు వైపులా ముద్ర వేశాను. మామ్మ బద్దని చంకలో పెట్టుకుంది. కాగితాన్ని మాత్రం మడతపెట్టకుండా రెండు చేతులతో పట్టుకుని వెళ్లింది. కేసు లేకపోయినా గెలిచింది నేనే కదా అని ఆ సాయంత్రం నాన్నకి ఫోను చేశాను. "బద్దకి ముద్రేశావన్నమాట" అన్నాడు.

నెల తరవాత ఆకస్మిక తనిఖీ అని పేరు పెట్టుకుని రేపల్లె వెళ్లాను. అసలు సంగతి, నా విజయాన్ని చూసుకోవడానికి వెళ్లాను. మామ్మ తన చోట్లోనే ఉంది. నా కాగితం ప్లాస్టిక్ తొడుగులో పంపుకి వేలాడుతోంది. బద్ద మీద దండ పరిచి, సరిగ్గా గీత దగ్గర తెంపి ఇస్తోంది. బద్ద తన మూర కంటే పొడుగు గనక దానికి తగ్గట్టు ధర కొంచెం పెంచింది, అదీ న్యాయమే. చాటున నిలబడి మురిసిపోతున్నాను. అంతలో ఒకమ్మాయి దండ అందుకుని చెయ్యి వెనక్కి తీసుకోకుండా, "కొసరేది మామ్మా?" అంది.

"కొసరు లేదమ్మాయ్."

"అదేంటి? ఎప్పుడూ మూర మీద నాలుగు వేళ్లు కొసరేస్తావుగా?"

మామ్మ నన్ను చూడనే చూసింది. "కొసరు చేతిదే తల్లీ. బద్దకి కొసరుండదు. కావాలంటే అదిగో, ఆవిడ్నడుగు."

అందరూ నావైపు తిరిగారు. భార్యకి పూలకోసం వచ్చిన డ్రిల్లు మాస్టారు కూడా అక్కడే ఉన్నాడు, మొహం వేలాడేసుకుని, "ఏంటోనమ్మా, పూలు అంతే, ధర మాత్రం పెరిగింది" అన్నాడు. నేను నా నాలుగు వేళ్లు చూసుకున్నాను. నలభై మూడూ, పైన నాలుగు వేళ్లూ, అంటే ఇంకో ఏడు. లెక్క తేలిపోయింది. ఏభై! మామ్మ నలభై ఏళ్లుగా అర మీటరే ఇస్తోంది. ఆఫీసులో పదిసార్లు దారం కొలిచాను గానీ, ఆవిడ మనిషి చేతిలో పెట్టే పూలు ఒక్కసారి కూడా కొలవలేదు. సిగ్గుతో చచ్చిపోయాను.

"మామ్మా, చట్టం తక్కువ ఇవ్వొద్దంది గానీ ఎక్కువ ఇవ్వొద్దనలేదండి" అన్నాను, గొంతు నాకే వినపడనంత మెల్లగా.

"మరి ఆ మాట కాయితంలో రాయలేదేం? నువ్వు రాసింది రాసినట్టు చేస్తున్నా. మళ్లీ కేసంటే నేనెక్కడికి పోను?"

ఆవిడ వెటకారానికి అన్లేదు. నిజంగానే భయపడింది. నలభై ఏళ్లు నలుగురికీ నాలుగేసి వేళ్ల పూలు సంతోషంగా ఇచ్చిన చెయ్యి, నా సంతకం చూసి ముడుచుకుంది. పెన్ను తీశాను. తొడుగులోంచి కాగితం బయటికి లాగి, సీలు కింద మిగిలిన కాస్త చోట్లో, వందమంది చూస్తుండగా, "కొసరు ఇచ్చుకోవచ్చు" అని రాసి సంతకం పెట్టాను. మామ్మ ఆ అమ్మాయిని మళ్లీ పిలిచి, బద్ద పక్కన పెట్టి, నాలుగు వేళ్లు కొలిచి తెంపింది. ధర కూడా పాతదే చేసింది, నేనేమీ అనకుండానే.

ఆ తరవాత ఎన్నో ఊళ్లు తిరిగాను, ఎన్నో కేసులు రాశాను, ఇప్పుడు పెద్దసారు కూర్చున్నటువంటి కుర్చీలోనే కూర్చుని నేనూ "చూద్దాం" అంటున్నాను. నా ప్రతి ఉత్తర్వు పైనా ఫలానా సెక్షన్ ప్రకారం అని ఉంటుంది, ఆ ఒక్క కొసరు ఉత్తర్వు మీద తప్ప. ఏ సెక్షన్ కింద రాశావే అని ఆనాటి ఇరవై నాలుగేళ్ల పిల్లని ఇప్పుడు పిలిచి అడిగితే, పాపం, బిక్కమొహం వేసుకుని నిలబడుతుంది. నేనూ మరీ గట్టిగా అడగనులెండి.